పుట్టుమచ్చ గడి

ఆఫీసులో ఆయన్ని అందరూ చాటుగా 'కొర్రీ సార్' అనేవాళ్లు. పెన్షన్ కాగితాలు ఎవరివి బల్ల మీదికొచ్చినా ఏదో ఒక కొర్రీ పెట్టి వెనక్కి పంపితే గానీ ఆయనకి పొద్దు గడిచేది కాదు. సంతకం గడి దాటిందని ఒకరిని, ఫొటోలో చెవి కనబడలేదని ఇంకొకరిని కాళ్లరిగేలా తిప్పాడు. దాన్ని నిక్కచ్చితనం అనుకుని మురిసిపోయేవాడు. ఆ నిక్కచ్చితనం వల్ల ఎవరికైనా ఒక్క రోజు ముందు పని జరిగిందా అంటే, లేదు.

నెలాఖరుకి ఆయనే రిటైరవుతున్నాడు. "నా ఫైలు మీద కొర్రీ రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని క్యాంటీన్లో పదిమందికీ వినబడేలా కోతలు కోశాడు కూడా. ఇంటి దగ్గర కూర్చుని, స్కేలు అడ్డంపెట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ నింపాడు. ఒక్క గడి దగ్గర పెన్ను ఆగింది. ఆయన పోయాక పెన్షన్ భార్యకి వస్తుంది కాబట్టి, ఆమెని గుర్తుపట్టడానికి ఒంటి మీది పుట్టుమచ్చ ఒకటి రాయాలి.

భార్య వంటింట్లోనే ఉంది. కేకేస్తే వచ్చేది. కానీ ఇన్నేళ్లు కాపురం చేసి, నీకు మచ్చ ఎక్కడుందే అని అడగడమా? నామోషీ! 'ఎడమ బుగ్గ మీద' అని రాసి పారేశాడు. సగం ఫైళ్లలో అలాగే ఉంటుంది, ఎవడు చూడొచ్చాడు!

మర్నాడు సంతకం కోసం భార్యని ఆఫీసుకి తీసుకెళ్లాడు. సీట్లో ఉన్న క్లర్కమ్మాయి ఆయన దగ్గర పని నేర్చుకున్నదే. కాగితం చూసి, ఆమె మొహం చూసి, మళ్లీ కాగితం చూసింది.

"సార్, మేడమ్ గారి బుగ్గ మీద మచ్చేదీ లేదే?"

"సరిగ్గా చూడమ్మా."

"చూశాను సార్. రెండు బుగ్గలూ చూశాను."

పక్క బల్లల దగ్గర పెన్నులు ఆగిపోయాయి. ఏం రాశారని భార్య అడిగి తెలుసుకుంది. తెలుసుకుని నవ్వింది. ఆ నవ్వులో కోపం కూడా లేదు. ఇంతకంటే ఈయన దగ్గర ఏముంటుందిలే అన్నట్టుంది.

"అది మా అత్తగారికి ఉండేదమ్మా" అంది.

వెనకెవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"పుట్టుమచ్చ బదులు దెబ్బ తగిలిన మచ్చ రాయొచ్చా?" అని ఆవిడే అడిగింది.

"రాయొచ్చు మేడమ్. పైకి కనబడితే చాలు."

"అయితే కనుబొమ్మ మీద గాటుందిగా, అది రాయించు. పెళ్లైన కొత్తలో మంచినీళ్లు ఆలస్యమయ్యాయని ఈయన గ్లాసు విసిరారు. అది కూడా రాయాలా?"

"అక్కర్లేదు మేడమ్" అంది ఆ పిల్ల మెల్లగా. ఫైలు ఆయన వైపు తోసింది. "పాతది కొట్టేసి, మీ చేత్తోనే రాసి సంతకం పెట్టండి సార్. లేకపోతే పైనుంచి తిప్పి పంపేస్తారు."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. గ్లాసు విసిరినందుకు కాదు. మల్లెపువ్వులాంటి ఫైలు మీద కొట్టివేత పడుతున్నందుకు. ఈ ముక్క ఇంట్లోనే ఏడిస్తే ఏం పోయింది? నలుగురిలో పరువు తీసింది కదా అని పళ్లు నూరుకుంటూ గీత కొట్టాడు. 'కనుబొమ్మ మీద గాటు' అని రాయబోయి ఆగాడు. నిక్కచ్చి మనిషి కదా, అలా వదిలేస్తే దానికీ కొర్రీ వస్తుందని తెలుసు.

"కుడి కనుబొమ్మా, ఎడమదా?" అన్నాడు, కాగితం మీంచి తలెత్తకుండా.



"మేడమ్ ఎదురుగానే కూర్చున్నారు సార్" అంది క్లర్కమ్మాయి.