నా వెలుగు తగ్గితేనే వార్త

నేను ఒక దీపాన్ని. అలాగని నన్నెవరూ దేవుడి ముందు పెట్టరు, నా వెలుగులో పుస్తకం చదవరు. జానెడు గాజు గొట్టం, లోపల కాస్త నియాన్ వాయువు, మధ్యలో సీసంతో చేసిన బుల్లి గిన్నె. అదే నా ఒళ్లు. కరెంటు తగలగానే ఆ సీసం తనదైన వెలుగు చిమ్ముతుంది. మీ కంటికి ఆనని ఆ వెలుగును ఇంకో సీసపు పరమాణువు ఇట్టే మింగేస్తుంది. రాగి, ఇనుము ఎదురొచ్చినా దాని జోలికి పోవు.

నా ముందు ఒక మంట ఉంటుంది. పరీక్షించే ద్రవాన్ని అందులోకి తుంపరగా చల్లుతారు. మంట దాటి అవతలికి నా వెలుగు ఎంత తగ్గి చేరితే అంత సీసం ఉన్నట్టు. తగ్గితేనే పేరొచ్చే దీపాన్ని మీరెక్కడా చూసి ఉండరు.

మొదట ఒక బ్యాటరీల కార్ఖానాలో పనిచేశాను. అక్కడి మురుగునీళ్లలో సీసం ఎక్కువుందని నా అంకెలు చెప్పినప్పుడల్లా మేనేజరు, "దీపం పాడైనట్టుంది" అనేవాడు. చివరికి నన్ను యంత్రంతో సహా అమ్మేశాడు. అలా కాకినాడలో సత్యవేణి నడిపే చిన్న పరీక్షశాలకు చేరాను.

ఒక రోజు మంగతాయారు అనే ఆవిడ, ఆరేళ్ల కూతురు హాసినితో వచ్చింది. చేతిలో ఐదు పొట్లాలు, ఒక నీళ్ల సీసా.

"పిల్లకి ఒకటే కడుపునొప్పండి. రక్తంలో సీసం ఉందన్నారు డాక్టరుగారు. ఎక్కణ్ణుంచి వస్తందో తెలవట్లేదండి."

నీళ్లు, పసుపు, ఉప్పు, కారం, కందిపప్పు, చింతపండు. అన్నీ నా ముందుకొచ్చాయి. దేనికీ నా వెలుగు తగ్గలేదు. సత్యవేణి తల పట్టుకుని, "నీకేం ఇష్టం తల్లీ?" అని పిల్లనడిగింది.

"చారు. రోజూ చారే."

"దినుసులు కాదండి, కాచిన చారు పట్రండి."

మర్నాడు చారు వచ్చింది. మంటలో పడగానే నా వెలుగు సగానికి సగం పడిపోయింది. విడివిడిగా ఏ పాపమూ ఎరగని దినుసులు, కలిసి కాగేసరికి ఇలా ఎందుకయ్యాయా అని ఆశ్చర్యపోయాను.

"ఏ గిన్నెలో కాశారు?"

"ఇత్తడి గిన్నెలోనండి. అల్యూమినియం మంచిది కాదంటే మా అత్తగారి గిన్నె అటక మీంచి దింపి, కళాయి పూయించానండి."

"ఆ కళాయి పూసినవాళ్లు తగరంతో పాటు సీసం కూడా కలిపేసుంటారండి. చింతపండు పులుపుకి అదే దిగుతోంది."

"మంచిదనే కదండీ చేశాను!" అని ఆవిడ ఏడ్చేసింది. ఆ సీసం నా చుట్టమే కాబట్టి నాకూ సిగ్గేసింది.

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. నొప్పి పోయింది, రక్తంలో సీసం దిగుతోంది. కానీ భయంతో తల్లి ఇంట్లో చారు మానేసింది. ఈసారి పరీక్ష కోసమని స్టీలు గిన్నెలో కాచి టిఫిన్ డబ్బాలో తెచ్చింది. అప్పటికి నా ఆయుష్షు అయిపోవచ్చింది, మిణుకుమిణుకుమంటున్నాను. చారును మంటలోకి చల్లారు. అంకె సున్నా.

నిజంగా సీసం లేదా, నాకే చూపు పోయిందా? కార్ఖానా మేనేజరు మాట గుర్తొచ్చి భయమేసింది. సత్యవేణి కొలిచి కలిపిన సీసపు ద్రావణాన్ని చల్లింది. నేను తగ్గాల్సినంతా తగ్గాను. మళ్లీ చారు చల్లింది. మళ్లీ సున్నా.

"వరండాలో కూర్చుని తాగెయ్ తల్లీ" అని డబ్బా పిల్ల చేతికిచ్చింది.

ఇప్పుడు నేను అలమరలో ఉన్నాను, నా చోట కొత్త దీపం వెలుగుతోంది. వరండాలో హాసిని చారు జుర్రుకున్న చప్పుడు మాత్రం నాకింకా వినిపిస్తూనే ఉంది.