కెప్టెనమ్మగారి అనుమతి

మా ఊరి ఫిరంగి దళంలో ఇద్దరు కెప్టెన్లు ఉండేవారు. ఒకరు ఎర్మోహెనెస్ అరాన్సిబియా గారు, రెండోవారు సాంతా బార్బరా అమ్మవారు. నవ్వకండి. పిడుగుల నుంచీ మందుగుండు నుంచీ కాపాడే తల్లి కదా, ఏనాటి యుద్ధంలోనో ఫిరంగివాళ్ళు ఆవిడకి కెప్టెన్ హోదా ఇచ్చారు. అప్పటి నుంచి పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు ఆవిడ పేరు ముందు వస్తుంది. "హాజర్! చర్చిలో ఉన్నారు!" అని సిపాయిలంతా అరుస్తారు. ఆవిడ వంతు రొట్టె, గ్లాసుడు వేడివేడి 'ఆపి' జావ విగ్రహం ముందు పెడతారు. ఊదారంగు మొక్కజొన్నతో ఆ ఆపి కాచేది నేనే. బ్యారక్ గేటు పక్కన మా అమ్మ కూర్చున్న చోటే నేనూ కూర్చుని అమ్ముతాను.

ఇక అరాన్సిబియా గారు. మీసం మొలవకముందే దళంలో చేరారు. ఫిరంగుల్ని విప్పి, కంచరగాడిదల మీద కట్టి, ఈ కొండలన్నీ ఎక్కించారు. ఇన్నేళ్ళ నౌకరీలో ఆయన గుండుకి బలైంది మేయరు గారి ఆంబోతు ఒక్కటే. దాన్ని మేయరూ మరిచిపోలేదు, పై అధికారులూ మరిచిపోలేదు, అందుకే జుట్టు నెరిసినా కెప్టెన్‌గానే ఉండిపోయారు. దానికి తోడు ఫిరంగుల మోతకి చెవులు సగం పోయాయి. ఆయన గుసగుసలాడితే బజారు అవతలి చివర ఉల్లిపాయలమ్మేవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. మనిషి మాత్రం బంగారం, అబద్ధమాడటం చేతకాదు. ఫిరంగి పేల్చే ముందు ప్రతిసారీ చర్చిలోకి వెళ్ళి, టోపీ తీసి, "కెప్టెనమ్మగారూ, అనుమతి" అని అడిగి, కాసేపు నిలబడి వచ్చేవారు. సీనియర్ ఆవిడే కదా మరి.

ఆ ఏడు ఆయనకి గండం వచ్చిపడింది. ఏడాది తిరిగేలోపు మేజర్ కాకపోతే వయసు మీరిందని ఇంటికి పంపేస్తారు. ఉన్న ఖాళీ ఒక్కటే. పాపం, అమ్మవారి ముందు కొవ్వొత్తులు వెలిగించి వేడుకున్నారు. సరిగ్గా అప్పుడే దిగబడ్డాడు కొత్త కర్నల్ లాస్త్రా. మహా భక్తుడు. ఎవరి సర్వీసు ఎంతో చూశాడు, కళ్ళు చెమర్చాయి.

"ఇన్ని తరాల సర్వీసున్న తల్లిని దాటేసి నిన్నగాక మొన్న చేరినవాడికి ఇస్తామా? అమ్మవారి పండగ రోజున ఆవిడే మేజర్!" అని ప్రకటించేశాడు.

మర్నాడు కెప్టెన్ గారు నా దగ్గర నిలబడి, ఆపి గ్లాసు చేతిలో చల్లారిపోతున్నా తాగలేదు.

"ఎవరికి చెప్పుకోను ప్రిమితీవా చెల్లెమ్మా? ఎవరిని అడిగానో ఆవిడే పట్టుకుపోయింది."

"అడగటం నీకెప్పుడు వచ్చింది గనక," అంటూ వచ్చింది ఆయన భార్య బెనీగ్నా. మా వదిన. నోరు పదును, బుర్ర అంతకంటే పదును. బజారు బాగా కిక్కిరిసే దాకా ఊరికే కూర్చుని, అప్పుడు అడిగింది. "ఏవయ్యా, కొత్తగా మేజరైనవాళ్ళని ముందు ఎక్కడికి పంపుతారు?"

"ష్, బదిలీల సంగతి బయట మాట్లాడకూడదు," అని ఆయన వంగి రహస్యంగా చెప్పారు. "ఎక్కడో దూరాన చాకో సరిహద్దుకి! అదే రోజు లారీ ఎక్కాలి! ఎవరికీ మినహాయింపు లేదు!"

ఉల్లిపాయలు తూచేవాళ్ళ తక్కెళ్ళు గాల్లోనే ఆగిపోయాయి.

"నాకు సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పు," అంది వదిన, నా వైపు కన్నుగీటుతూ.

పండగనాడు కర్నల్ మేజర్ హోదా భుజం పట్టీలు వెండి పళ్ళెంలో పెట్టుకుని వచ్చేసరికి చర్చి గుమ్మానికి అడ్డంగా బజారు ఆడవాళ్ళమంతా బైఠాయించాం.

"అమ్మవారిని చాకోకి తోలేస్తావా?" అన్నాను. "రేపు పిడుగులు పడితే మమ్మల్నెవరు కాస్తారు, నువ్వా?"

"ఆవిడకి ఆ రూలు వర్తించదమ్మా!"

"సర్వీసు లెక్క చూసినప్పుడు వర్తించిన రూలు లారీ ఎక్కేటప్పుడు వర్తించదా? ఎవరికీ మినహాయింపు లేదని కెప్టెన్ గారే చెప్పారు. ఊరంతా విన్నాం!"

కర్నల్ ఎర్రబడ్డాడు. "అరాన్సిబియా! లోపలికి వెళ్ళి అమ్మవారి అభిప్రాయం కనుక్కో!"

'తనకి వద్దంటోంది' అని ఒక్క అబద్ధం చాలు, గండం గట్టెక్కుతుంది. కెప్టెన్ గారు లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చారు.

"ఆవిడ ఏమీ అనలేదు సర్."

వదిన నెత్తి కొట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఇలాంటి మనిషికి మేజరేమిటి, గుమ్మం ముందు చెప్పులు కాసే పని ఇచ్చినా ఎక్కువే అనిపించింది. అంతలో బుర్ర వెలిగింది.

"కర్నల్ గారూ, లారీ ఎక్కమని హుకుం ఇచ్చాక ఏమీ అనకుండా, ఉన్నచోటు నుంచి కదలకుండా ఉన్న ఆఫీసర్ని సైన్యంలో ఏం చేస్తారు?"

"అరెస్టు చేస్తా..." అనబోయి కర్నల్ ఆగిపోయాడు. చర్చిలోకి తొంగి చూశాడు. ఆవిడ కత్తి పట్టుకుని నేరుగా ఆయన్నే చూస్తోంది. కర్నల్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, పళ్ళెం తీసుకెళ్ళి అరాన్సిబియా గారి చేతుల్లో పెట్టేశాడు.

లారీ సాయంత్రమే వచ్చింది. వదిన మూటాముల్లే ఎక్కించి కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే చర్చిలోకి వెళ్ళి, కొత్త పట్టీలతో, టోపీ తీసి నిలబడ్డారు.

"కెప్టెనమ్మగారూ, వెళ్ళడానికి అనుమతి."

"మేజర్, ఆవిడ ఇప్పుడు మీకంటే కిందిస్థాయి," అన్నాడు కర్నల్ వెనక నుంచి.

"తెలుసు సర్," అన్నారు గానీ, ఆయన కదల్లేదు.

లారీలోంచి వదిన కేకేసింది. "ఏవయ్యా, ఆవిడ జవాబు చెప్పేదైతే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పేది. రా!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వబోయాను, ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మవారి గ్లాసు నింపాను. చేతి అలవాటు, ఆయనదీ నింపేశాను. గేటు దగ్గర నిలబడి తాగే ఆయన లేరు. పారబొయ్యడానికి మనసొప్పక రెండోది కూడా తీసుకెళ్ళి ఆవిడ ముందే పెట్టాను.

ఆవిడ ఏమీ అనలేదు.