ముంచని పగడం

గొట్టం ఒక కొసను చేపల ట్యాంకులో ముంచి, రెండో కొసను నోట్లో పెట్టుకుని అతను పీల్చాడు. నీరు పెదవికి తగిలేలోపు గొట్టాన్ని బకెట్టులోకి దించాలి. పద్నాలుగో ఏట నేర్చిన పని. అరవై ఒకటి వచ్చినా రోజుకొక గుక్కెడు ఉప్పునీరు నోట్లో పడుతూనే ఉంది. ఉమ్మడానికి ఈ హాల్లో చోటు లేదు. మింగాడు.

"తాగు, తాగు. మీ ఇంట్లో ఎటూ పొయ్యరు," అంది కుర్చీలోంచి ముసలావిడ.

"మీ ఇంట్లో పోస్తారేమోనని పదకొండేళ్ళుగా చూస్తున్నా," అన్నాడతను తల తిప్పకుండా.

"మాటకారి కుక్కని వేటకి తీసుకెళ్తే, ఉసికో అంటే నువ్వే ఉసికో అందట. పని చూడు, బకెట్టూ."

ఆవిడ అతన్ని పిలిచే పేరదే. అతను పని చూశాడు. బకెట్టు మూతికి గుడ్డసంచి కట్టి ఉంది. గొట్టంలోంచి వచ్చే నీరు గుడ్డలోంచి బకెట్టులోకి దిగుతుంది. పురుగులు గుడ్డలో ఉండిపోతాయి. ఒక్కొక్కటి చిటికెనవేలి గోరులో సగం ఉండదు. తుప్పు రంగు. కాగితంలా పలచన. వెనకభాగం తోకలుగా చీలి ఉంటుంది. ట్యాంకు దీపం వెలగగానే రాళ్ళ కిందినుంచి బయటికి వచ్చి పగడాల మీద పరుచుకుంటాయి. వాటి కింద పడ్డ పగడానికి వెలుతురు అందదు. పది రోజులు అందకపోతే ముడుచుకుంటుంది, ఇరవై రోజులకు చస్తుంది.

కింది అంతస్తులో పళ్ళ డాక్టరు క్లినిక్కు, పైన ఇల్లు. డాక్టరు ఎవరి పన్నయినా తొలిచినప్పుడు ఆ రొద నేలలోంచి పైకి వచ్చి ట్యాంకు నీళ్ళ మీద గీతలు వేస్తుంది. ట్యాంకు ఆరడుగుల పొడవు, హాల్లో ఒక గోడంతా దానిదే. కుడిచివర ముసలావిడ కుర్చీ. ఆవిడ డాక్టరుకు అత్తగారు. ట్యాంకు, అత్తగారు ఒకే ఏడాది ఈ ఇంట్లోకి వచ్చారు. ట్యాంకును డాక్టరు కోరి తెచ్చుకున్నాడు.

"ఇవి ఎలా పుడతాయి?" అంది ఆవిడ.

"పుట్టవు. ఒకటే రెండుగా తెగిపోతుంది. రెండు నాలుగవుతాయి. మగా ఆడా గొడవ లేదు."

"అదృష్టవంతులు. అల్లుళ్ళుండరు."

అతనికి నవ్వొచ్చింది. ఆవిడకు కనపడకుండా గొట్టం మార్చుకునే వంకతో మొహం అటు తిప్పుకున్నాడు.

మూడు వారాలుగా రోజు విడిచి రోజు వస్తున్నాడు. గొట్టంతో లాగుతున్నాడు, గుడ్డలో పడ్డవాటిని వేణ్ణీళ్ళలో పారబోస్తున్నాడు. పురుగుకు మందుంది, సీసా అతని సంచిలోనే ఉంది. కానీ చచ్చే పురుగు విషం కక్కుతుంది. కొన్ని వందలు చస్తే చేపలు తట్టుకుంటాయి. ఉన్నవన్నీ ఒకేసారి చస్తే పురుగులతో పాటు ట్యాంకూ పోతుంది. అందుకని ముందు చేత్తో తగ్గించాలి, ఆ తర్వాతే మందు. ఈ మాట డాక్టరుకు నాలుగుసార్లు చెప్పాడు. డాక్టరు నాలుగుసార్లూ గడియారం చూసుకున్నాడు.

ఇవాళ మందు వేసే రోజు. సాయంత్రం అయిదుకు కారు వచ్చే రోజు కూడా.

కారు ముసలావిడ కోసం. రెండు వారాల కిందట ఆవిడ గుప్పిట్లో బిస్కెట్టు పొడి డాక్టరు కంటపడింది. ఆవిడ లేచి నిలబడితే ట్యాంకు అంచు భుజానికి వస్తుంది. పై మూత కొంచెం జరిగి ఉంది. తిండి ఎక్కువైతే ఈ పురుగు పెరుగుతుందని డాక్టరు ఎక్కడో చదివాడు. అది నిజమే. కానీ పెరగడం వేరు, రావడం వేరు. డాక్టరు ఆ తేడా దాకా వెళ్ళలేదు. అత్తమీది కోపం దుత్తమీద చూపిస్తారంటారు. ఇక్కడ దుత్తకు వచ్చిన తెగులు అత్తమీదికి మళ్ళింది. ఆవిడను పెద్దకూతురి ఇంటికి పంపడానికి నిశ్చయమైంది. అక్కడ మూడు గదుల్లో ఏడుగురున్నారు. ఈవిడకు వంటింటి పక్కన మడతమంచం వేస్తామన్నారు.

పురుగు ఎలా వచ్చిందో అతనికి తెలుసు.

కొత్త పగడం ఏది తెచ్చినా, ఎవరిచ్చినా, ముందు తొట్టిలో మందునీళ్ళు కలిపి పది నిమిషాలు ముంచాలి. ముంచి ఆడించాలి. పైకి తీసి నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. తను పని నేర్చిన చేపల దుకాణంలో పెద్దాయన ఈ సంగతి చెంపమీద కొట్టి నేర్పాడు. నలభై ఏడేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఒకప్పుడు ఇరవై మూడు ఇళ్ళుండేవి. ఇప్పుడు యూనిఫారం వేసుకుని, ఫోన్లో ఫొటోలు పంపే కంపెనీలు వచ్చాయి. రెండిళ్ళే మిగిలాయి, ఇదీ లాయరుదీ. ఆ లాయరూ మూడు నెలల కిందట ట్యాంకు ఎత్తేశాడు. నీ చేత్తో పెంచినవి, ఏం కావాలంటే అది పట్టుకుపో అన్నాడు. అతను గులాబీ రంగు పగడం ఒకటి తెచ్చుకున్నాడు. చంటిపిల్ల పిడికిలంత ఉంటుంది.

ముసలావిడ అంతకు ముందు వారమే అంది. "పదకొండేళ్ళుగా ఈ గోధుమరంగు బండలే చూపిస్తున్నావు. నువ్వూ అదే రంగు."

ఆవిడ నోరు మూయించాలని తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ముంచలేదు. తొట్టిలో ఉంచలేదు. తొమ్మిదేళ్ళు తన చేతి కింద ఉన్న ట్యాంకులోది, దీనికి స్నానమేమిటనుకున్నాడు. తీసుకెళ్ళి ఆవిడ కుర్చీకి ఎదురుగా ఉన్న రాయి మీద అంటించాడు. ఆవిడ అయిదు నిమిషాలు చూసి, "పుండులా ఉంది," అంది.

ఇక్కడ పురుగు కనిపించాక లాయరింటికి వెళ్ళి, పెరట్లో బోర్లించిన ఖాళీ ట్యాంకు తిరగేసి చూశాడు. గాజు అంచు కింద తుప్పురంగు పొడి ఎండి ఉంది. వేలితో గీరి, నలిపి, వాసన చూసి, మాట్లాడకుండా వచ్చేశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. దొంగ తానే అయినప్పుడు పట్టుకోవలసిన అవసరమూ లేదు.

ఒంటిగంటకు డాక్టరు పైకి వచ్చాడు. ముక్కుగుడ్డ గడ్డం కిందికి లాగి ఉంది.

"ఎంతవరకు వచ్చింది?"

"ఇప్పుడే వేస్తున్నాను సార్. గంటసేపు ఎవరూ కదిలించకూడదు."

"నాకు నాలుగింటికి గాజు మీద ఒక్క పురుగు కనిపించకూడదు. కనిపిస్తే నువ్వూ కనిపించక్కర్లేదు." డాక్టరు అత్తగారి వైపు చూడకుండానే గొంతు పెంచాడు. "అత్తయ్యా, మీ మందులన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. మళ్ళీ వెనక్కి తిరగడం కుదరదు."

"నా మందులెందుకు బాబూ. నీ ట్యాంకు మందు కొంచెం మిగులుతుందిగా, అదే పొయ్యి."

డాక్టరు ముక్కుగుడ్డ పైకి లాక్కున్నాడు. మెట్లు దిగిపోయాడు.

చెప్పడానికి అదొక అదను. అతను నోరు తెరిచాడు కూడా. నోట్లో ఉప్పు తగిలింది. ఈ ఇల్లు పోతే రేపు పొద్దున్న లేచి వెళ్ళడానికి చోటు లేదు. ఉండేది తమ్ముడింటి పై గదిలో. మరదలు అతని బకెట్లను గేటు బయటే ఉంచమంటుంది, కంపు కొడతాయని. తమ్ముడు తింటావా అని అడుగుతాడు, తిన్నావా అని అడుగుతాడు. మూడో మాట ఉండదు. ఈ కుర్చీలోంచి మాత్రం వచ్చినప్పుడల్లా రెండు గంటలు తిట్లు వినపడతాయి. అతను వాటికి జవాబులు దారిలో తయారు చేసుకుంటూ వస్తాడు.

మందు లెక్క చూసి చుక్కలు వేశాడు. పంపులు తిప్పి నీటిని కలిపాడు.

పది నిమిషాల్లో పురుగులు పట్టు విడిచాయి. పగడాల మీదినుంచి చుట్టలు చుట్టుకుని లేచి, తుప్పు రాలినట్టు నీళ్ళన్నిటా తిరిగాయి. అతను రెండు చేతులతో రెండు గొట్టాలు పట్టి లాగాడు. మూడు బకెట్లు నిండాయి. పసుపుచేప మూలకు వెళ్ళి పక్కకి ఒరిగింది. మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి.

"అది పోతోంది," అంది ముసలావిడ.

"పోదు."

"ఒరిగిపోయింది. కళ్ళున్నాయా?"

"నోరు మూసుకుంటారా కాసేపు?"

ఆవిడ మూసుకుంది. పదకొండేళ్ళలో అది మొదటిసారి. అతను విషం పీల్చే బొగ్గు సంచులు రెండూ వడపోతలో దింపి, నిన్న కలిపి ఉంచిన ఉప్పునీటి పీపాకు మోటారు తగిలించాడు. పాతనీరు ఒకవైపు పోతూ ఉంటే కొత్తనీరు ఒకవైపు నిండింది. చేతులు భుజాల దాకా తడిసిపోయాయి. ఉప్పుకు పగిలిన వేళ్ళ సందుల్లో మంట పుట్టింది. ఆవిడ కుర్చీ అంచుకు జరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చేపనే చూస్తోంది.

మూడుంపావుకు చేప నిలువుగా లేచింది. ఒక చుట్టు తిరిగింది.

"చెప్పానా?" అన్నాడతను.

"నువ్వు చెబితే లేచిందా? దానికి సిగ్గుంది కాబట్టి లేచింది."

నాలుగింటికి డాక్టరు వచ్చి, ఫోను దీపం వేసి ట్యాంకు ఆ చివరినుంచి ఈ చివరి దాకా చూశాడు. రోగి నోట్లోకి చూసినట్టే చూశాడు. గాజు శుభ్రంగా ఉంది. గులాబీ పగడం మెల్లగా విచ్చుకుంటోంది.

"బాగుంది," అన్నాడు.

లోపలి గదిలో సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. ఆవిడ కూతురు, డాక్టరు భార్య, సర్దుతోంది. అతను చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"సార్, పురుగు ఆవిడ వల్ల రాలేదు. నేనే తెచ్చాను."

డాక్టరు తిరిగి చూశాడు.

"ఆ గులాబీది వేరే ఇంటినుంచి తెచ్చాను. ముంచకుండా పెట్టాను. దాంతో వచ్చింది. బిస్కెట్టుతో పురుగు రాదు."

అతను బకెట్టు పిడి పట్టుకున్నాడు. ఇప్పుడు వెళ్ళమంటే ఏ బకెట్టు ముందు దింపాలో అప్పటికే లెక్క వేసుకున్నాడు.

డాక్టరు ఫోను దీపం ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. "ఎవరు తెస్తే ఏంటయ్యా ఇప్పుడు? పోయాయిగా. గురువారం ఎప్పట్లానే వచ్చెయ్యి."

"మరి కారు..."

"కారుకీ దీనికీ ఏంటి సంబంధం? వాళ్ళ పెద్దమ్మాయి రమ్మంటోంది, వెళ్తున్నారు." గొంతు మామూలుగానే ఉంది. "మెట్ల దగ్గర బకెట్లు తియ్యి, ఆవిడ తట్టుకుంటారు."

అతను బకెట్లు తీశాడు.

ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని హాల్లోంచి మెట్ల దాకా వచ్చింది. అక్కడ చెయ్యి విడిపించుకుంది. కూతురు సూట్‌కేసు తీసుకుని ముందు దిగింది, వెనక్కి చూడలేదు. ఆవిడ పిట్టగోడ పట్టుకుని అతని ముందు ఆగింది.

"ఊరుకోలేకపోయావా? నీ నోటికి తాళం ఎప్పుడూ ఉండదు కదా."

"చెప్పడమే ఆలస్యమైంది," అన్నాడతను.

"నువ్వు ఆ గులాబీదాన్ని తిన్నగా సంచిలోంచి తీసి పెట్టిన రోజునే చూశాను. ప్రతిదాన్నీ తొట్టిలో ఆడిస్తావు, దాన్ని ఆడించలేదు. నాకు కళ్ళు తగ్గాయి కానీ పోలేదు."

"మరి అల్లుడుగారికి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను మానిపించేవాడు. యూనిఫారం వాడొచ్చేవాడు. వచ్చి నన్ను అమ్మగారూ, బాగున్నారా అమ్మగారూ అనేవాడు." ఆవిడ ఒక మెట్టు దిగింది. "నాకది ఒంటికి పడదు."

దారిలో తయారు చేసుకున్న జవాబులు అతని దగ్గర ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. రెండూ దీనికి కుదరలేదు.

"మెట్లు తడిగా ఉన్నాయి. చూసి దిగండి," అన్నాడు.

"తడి చేసింది నువ్వేగా," అంది ఆవిడ. ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగింది. పదిహేడు మెట్లు. కారు తలుపు పడింది. వీధి మలుపులో ఒకసారి హారను మోగింది.

అతను పైకి వచ్చాడు. గొట్టాలు చుట్టాడు. మందు సీసా సంచిలో పెట్టాడు. నేల మీద నీరు కుడిచివర దాకా పారి ఉంది. తుడవడానికి కుర్చీని గోడ దగ్గరనుంచి జరిపాడు.

కుర్చీ వెనక కాలు పక్కన దగ్గుమందు సీసా ఒకటుంది. మూత గట్టిగా బిగించి ఉంది. చెవిలో మందు వేసుకునే రబ్బరు పిప్పెట్టు దానికి దారంతో కట్టి ఉంది. సీసాలో సగానికి ఉప్పునీరు, అడుగున రెండు వేళ్ళ మందాన తుప్పురంగు పురుగులు. అతను రాని రోజుల్లో ఆవిడ ఒక్కొక్కటిగా పీల్చి తీసినవి. చాలావరకు చచ్చినవే. మిగిలినవి, ట్యాంకు దీపం వెలుతురు పడుతున్న వైపు గాజు పట్టుకుని, పైకి పాకుతున్నాయి.