పన్నెండు గంటల దాకా చెల్లే కాగితం

నా భార్య కమడో పోయి ఆ రోజుకి నలభై తొమ్మిదో రోజు. ఆ రోజు అస్థికలు సమాధిలో పెట్టాలి. దాటితే మనిషి దారి దొరక్క తిరుగుతుందని జపాన్ దక్షిణాన మా ఒకినావా దీవిలో పెద్దలు చెప్పేవారు.

మా తాతల నాటి తాబేలు వీపులా ఉండే రాతి సమాధి అమెరికా సైన్యం కంచె లోపల ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కంచె వేశారు. ఎవర్నీ అడగలేదు. నా చదువు అప్పటికి మూడో తరగతి. అక్కడితో సరి.

లోపలికి పోవడానికి కాగితం కావాలి. ఒక కారు, ఇద్దరు మనుషులు, రెండో గేటు, తొమ్మిది నుంచి పన్నెండు. దానికి నెల పట్టింది. మా తమ్ముడి కొడుకు మొరియాసు ఆ గేటు దగ్గరే కాపలా పని చేస్తాడు. సెలవు పెట్టి కారు తోలాడు. అస్థికల కుండ నా ఒళ్ళో ఉంది.

సైన్యం విమానాల మైదానం కోసం సముద్రం పూడ్చడానికి రాళ్ళు మోసే లారీలకు అడ్డంగా ఆ గేటు ముందు ఆరేళ్ళుగా రోజూ కూర్చుంటున్నాను. ఎప్పుడూ నలభై మందిమి. తొమ్మిదిన్నరకి పోలీసులు కాళ్ళూ చేతులూ పట్టి మమ్మల్ని పక్కకు మోసేస్తారు. ఆ వెనకే వెళ్ళిపోవచ్చని లెక్క వేసుకున్నాను. మావాళ్ళను మోసేస్తే నాకు దారి వస్తుందని అనుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మూడు వందల మంది కూర్చున్నారు. నాహా పట్నం నుంచి ఇంకో దళం వస్తేగాని కదపలేమని పోలీసులు నిలబడిపోయారు. మా కారు వెనక రాళ్ళ లారీలు బారు తీరాయి. పదకొండు దాటింది.

ముందు వరసలో, రోజూ మాతో కూర్చునే ఉషి అక్క నల్లబెల్లం ముక్కలు పంచుతోంది. పక్కన వెండెల్. అమెరికావాడు. వియత్నాం యుద్ధానికి ఇక్కడి నుంచే ఎగిరి, ముసలితనంలో తిరిగొచ్చి మాతో కూర్చుంటున్నాడు.

"మా అధ్యక్షుడు ఎవడైనా అంతే అక్కా," అంటున్నాడు. "అబద్ధం చెప్పి పిల్లల్ని చంపడానికి పంపుతాడు. నన్నూ అలాగే పంపారు."

"తిట్టు నాయనా, నీకు ఓటుంది. రేపు దింపేస్తావు," అంది అక్క. "మా తిట్లు ఎవరికి? అమెరికావాడు టోక్యోని అడగమంటాడు. టోక్యోవాడు అమెరికా వైపు చూసి తలూపుతాడు. మధ్యలో నా గొంతు పోయింది."

అప్పుడు కారులో నన్ను చూసింది. లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏరా జెన్‌షో, ఇవాళ దొరలా కారులోనా?" అంది. ఒళ్ళో కుండ కనపడింది. "అయ్యో. కమడోనా? ఇవాళేనా?"

తలూపాను.

"పన్నెండింటికి కాగితం చచ్చిపోతుంది అత్తా," అన్నాడు మొరియాసు. "వేరే గేటుకి ఒప్పుకోరు."

వెండెల్ కూడా వచ్చాడు. "ఒకసారి లేస్తే పోలీసులు మళ్ళీ కూర్చోనివ్వరు. వెనక లారీలున్నాయి. మధ్యాహ్నం దాకా ఆపితే ఇవాళ్టికి పని ఆగుతుంది. ఇంకో కాగితం అడగరాదా అన్నా?"

"నలభై తొమ్మిదో రోజు ఇంకోటి ఎక్కడ తెస్తావురా? మీ అధ్యక్షుడు పంపుతాడా?" అని కసిరింది అక్క.

ఇద్దరూ నా వైపు చూశారు. వద్దు, లేవకండి అనాలి. రోజూ నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఆ ఒక్క మాటే. నోటి దాకా వచ్చింది. కుండ మూత మీద చెయ్యి పెట్టుకుని ఊరుకున్నాను.

అక్క వెనక్కి తిరిగి, "లేవండర్రా. కమడో వెళ్ళాలి," అంది.

లేచారు. అందరికంటే ఆఖరున వెండెల్ లేచాడు. పోలీసులు వెంటనే వాళ్ళను బారికేడ్ల వెనక్కి నెట్టారు. మా కారు లోపలికి పోయింది. వెనకే లారీలు వచ్చాయి. నేను లెక్కపెట్టలేదు. మొరియాసు అద్దంలో చూసి, "పెదనాన్నా, వెనక్కి చూడకు," అన్నాడు.

సమాధి చుట్టూ గడ్డి కోసి ఉంది. సైన్యం వాళ్ళే కోయిస్తారు. రాయి జరిపి, కమడోని మా అమ్మ పక్కన పెట్టాను. అగరొత్తులు వెలిగించాను. ఏదైనా చెప్పాలి. లారీలు రాళ్ళు దింపుతున్న చప్పుడు ఆగలేదు. రాయి మళ్ళీ మూశాను.

కమడో పక్కన ఒక కుండకి చోటుంది. అది నాది. దానికీ మొరియాసు ఆ సైన్యం దగ్గరికే పోయి కాగితం అడగాలి.