మందు ముట్టొద్దన్నాడు

సత్యవేదం ఎంగిలి చేతికే పోలీసులు బేడీ వేశారు. కొల్లేరు గట్టు మీద, మిట్టమధ్యాహ్నం, చేపల చెరువు కూలీలంతా క్యారేజీలు విప్పుకుని కూర్చున్న వేళ. "చెయ్యి కడుక్కుంటానండీ" అన్నాడు. కడుక్కోనివ్వలేదు. కూలీల సంఘం పని మీద ఏలూరు నుంచి వెళ్లిన వకీలుని, నేనూ అక్కడే ఉన్నాను.

నేరం ఏమిటని అడిగాను. ఉగ్రవాదం అన్నారు. సాక్ష్యం, కూలీల సంఘం ఫోను గ్రూపులో సత్యవేదం పెట్టిన వాయిస్ మెసేజి: "మూడో చెరువు గట్టు మీద మందు దింపారు. నేను చెప్పేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకండి."

చెరువులో జల్లే బ్లీచింగు పొడిని ఇక్కడ మందంటారు. పసిపిల్లలకీ తెలుసు. ఒట్టి చేతులతో జల్లి జల్లి కూలీల అరచేతులు పొరలుగా ఊడిపోతున్నాయి. గ్లౌజులు ఇచ్చేదాకా మందు ముట్టేది లేదని సంఘం తీర్మానించింది. లీజుదారు అబ్బాయిరాజుకి ఈ సంగతి తెలుసు. తెలిసే ఆ మెసేజిని పోలీసులకు పంపాడు. వాళ్లు మందంటే పేలుడు మందని రాసుకున్నారు. సత్యవేదం కాలిన చేతుల్ని ఫొటో తీసి, బాంబు తయారుచేసిన గుర్తులని పంచనామాలో ఎక్కించారు.

మర్నాడు పొద్దున్నే రెండు వందల మంది స్టేషను ముందు కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి మెత్తగానే మాట్లాడాడు.

"చూడండమ్మా, ఇది దేశభద్రత. వందమంది ప్రాణాలు కాపాడాలంటే ఒకరిద్దరి హక్కులు పక్కన పెట్టక తప్పదు."

సత్యవేదం భార్య యేసమ్మ లేచింది.

"బాంబులు పెట్టేవోణ్ణి పట్టుకోండి, ఎవరొద్దన్నారండీ? ఏ మందో అడిగి తెలుసుకోలేనోళ్ల చేతికి ఇంత చట్టం ఎందుకిచ్చారండీ? పక్కన పెట్టే ఆ ఒకరిద్దరూ ఎప్పుడూ మా పేటోళ్లేనాండీ?"

"ఎక్కువ మాట్లాడితే మీ పేర్లు కూడా ఎక్కిస్తాం" అన్నాడాయన.

జనం జంకారు. కూలీల్లో పెద్దవాడు వీరరాఘవులు తువ్వాలు దులుపుకుని లేచాడు. "పిల్లలున్నోళ్లం. గ్లౌజులూ వద్దు, గొడవా వద్దు. పదండి."

"ఇవాళ లేచెళ్లిపోతే రేపు ఏ మాటనాలన్నా ఈయన్నడిగి అనాలి బాబాయ్" అంది యేసమ్మ. ఫోను తీసి, ఇన్‌స్పెక్టరు ఎదుటే గ్రూపులో మాట్లాడింది. "నేను యేసమ్మని. గట్టు మీద మందు ఉంది. ఎవరూ చెయ్యి వెయ్యకండి." ఆయన వైపు తిరిగి, "ఎక్కించుకోండి" అంది.

పక్కనున్న ఆడమనిషి తన పేరు చెప్పి అదే మాట పెట్టింది. ఆ పక్కన ఇంకొకామె. రెండు వందల గొంతులు, ఒకటే మాట. వీరరాఘవులు వెనక్కొచ్చి మళ్లీ కూర్చున్నాడు. తర్వాత, "నాకు నొక్కడం రాదు, కాస్త నొక్కిపెట్టమ్మా" అని ఫోను యేసమ్మకిచ్చాడు. ఇన్‌స్పెక్టరు లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

సత్యవేదం ఇంకా జైల్లోనే ఉన్నాడు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. మళ్లీ వేస్తాను. మందు బస్తాలు మాత్రం గట్టు మీదే ఉన్నాయి. గుండుగొలను వైపు చెరువుల్లోనూ ఇప్పుడెవరూ ముట్టడం లేదు.

నిన్న అబ్బాయిరాజు స్వయంగా వచ్చాడు. "ఇదేమంత పని" అంటూ బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టబోయాడు.

యేసమ్మ కూర్చున్న చోటు నుంచే అంది: "చూసుకోండి రాజుగారూ. చేతులు కాల్తాయి. తర్వాత పోలీసులు ఫొటో తీస్తారు."

అబ్బాయిరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.