పచ్చిక మీద పసుపు గుడ్డ

శుక్రవారం పొద్దున పేపరు కోసం తలుపు తీసిన వెర్లిన్ కోసెక్‌కి పేపరు కనబడలేదు, బోర్డు కనబడింది. ఇంటి ముందు పచ్చికలో, సరిగ్గా నడిమధ్య, నిటారుగా పాతి ఉంది. ‘ఇల్లు అమ్మబడును’ అని ఎర్రటి పెద్దక్షరాలు. కింద చిన్నక్షరాల్లో ‘కోచ్ ఉచితం’.

ఇల్లు అమ్మే ఆలోచన వెర్లిన్‌కి లేదు. ఊరికి ఉంది. లార్చ్‌వుడ్ జనం మర్యాదస్తులు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వరసగా నాలుగు ఆటలు ఓడితే కోచ్ మీదికి రాళ్ళు విసరరు, కేకలేయరు, చర్చిలో కనబడితే నవ్వుతూ చెయ్యి కూడా కలుపుతారు. చీకట్లో వచ్చి బోర్డు మాత్రం పాతిపోతారు. నమ్మకంలో నకారం రాలిపోతే మిగిలేది అమ్మకమే.

వెర్లిన్‌ వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. ఇది మూడో బోర్డు. మొదటిది కాన్సస్‌లో, రెండోది డకోటాలో. ఆ రెండుసార్లూ బోర్డు వచ్చిన పది రోజుల్లో సామాన్ల లారీ వచ్చింది.

రోడ్డుకి అవతల డేల్ హ్రుష్కా ఆకులు ఊడుస్తున్నాడు. ట్రాక్టర్ల వ్యాపారం కొడుక్కి అప్పగించి, తను ఊరి మంచిచెడ్డలు చూసుకుంటున్న పెద్దమనిషి.

“కుర్రకారు పనయ్యుంటుంది కోచ్, మనసులో పెట్టుకోకండి!” అని అరిచాడు డేల్. తర్వాత తల పక్కకి వంచి బోర్డుని ఓసారి పరీక్షగా చూశాడు. “ఎవరు పాతారో గానీ గట్టిగా పాతారు. ఈ గాలికి కూడా కదలట్లేదు చూడండి.”

వెర్లిన్ భార్య లనెట్ కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి బోర్డు చదివింది.

“నయమే. డకోటాలో నిన్ను ఉచితంగా కూడా ఎవరూ తీసుకోరన్నారు,” అంది.

నవ్వించడానికే అంది. కానీ లోపలికెళ్ళి నిచ్చెన వేసుకుని అటక మీంచి ఖాళీ పెట్టె ఒకటి దించింది. వాళ్ళమ్మ ఇచ్చిన పింగాణీ పళ్ళాల పెట్టె అది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పళ్ళాలు పెట్టె వదిలి అల్మారా ఎక్కింది కిందటి వసంతంలోనే. పెట్టెని మెట్ల కింద పెట్టి చేతులు దులుపుకుంది.

“ఎందుకది ఇప్పుడు?” అన్నాడు వెర్లిన్.

“ఊరికే. అందుబాటులో ఉంటుందని.” నిచ్చెన మడిచి, “క్రిస్మస్ పాటల దాకా ఉంటామా వెర్లిన్? పిల్లలకి రెండు పాటలే వచ్చాయి,” అంది. బళ్ళో పిల్లలకి బృందగానం నేర్పే ఉద్యోగం ఆమెకి ఈ ఊళ్ళోనే దొరికింది.

వెర్లిన్ జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. కాలేజీ క్రీడల డైరెక్టర్ మిసెస్ ప్రూయిట్. ఆవిడ గొంతు వెన్న రాసిన రొట్టెలా ఉంది. “ఏం లేదు కోచ్, రేపు మార్లో కాలేజీతో ఆట అయ్యాక మనం ఓసారి కూర్చుందాం.”

కూర్చుందాం అన్నారంటే నిలబెట్టే ఉద్దేశం లేదన్నమాట. గెలిస్తే సరి. ఓడితే లారీ.

*

వెర్లిన్ జట్టుకి దేశమంతా ఒక పేరుంది. పేరు మాత్రమే ఉంది. ఆటలో ఎవరైనా తప్పు చేస్తే రెఫరీ నడుముకున్న పసుపు గుడ్డ తీసి పచ్చిక మీద విసురుతాడు. తప్పుని బట్టి జట్టుని అయిదు గజాలో పది గజాలో వెనక్కి నెడతారు. గెలుపు వైపు నడిచేవాడికి ఒక్కో గజమూ ఒక్కో గజమే, ఏనుగంత బరువు. ఆ గుడ్డలు అందరికన్నా తక్కువ పడేది లార్చ్‌వుడ్ మీదే. దానికి కారణం వెర్లిన్ పెట్టిన శాసనం: గుడ్డ ఎవడి మీద పడిందో వాడు శిరస్త్రాణం తీసి, ఆ సగం ఆట అయ్యేదాకా బెంచీ మీద కూర్చోవాలి. ఎంత మొనగాడైనా సరే.

కాన్సస్‌లో గెలిచిన ఆట ఒక్క గుడ్డతో చెయ్యిజారిపోయింది. ఆ రాత్రే మొదటి బోర్డు వచ్చింది. పాము కరిచినవాడు తాడుకి జడిసినట్టు, వెర్లిన్ ఆనాటి నుంచీ పసుపు రంగుకి జడిశాడు. మొక్కజొన్న కంకి తిన్నా కళ్ళు మూసుకునే తినేవాడని లనెట్ వేళాకోళం.

శుక్రవారం మధ్యాహ్నం సాధన చూస్తూ సహాయ కోచ్ ఓరిన్ ప్లాత్ పక్కన చేరాడు. కాన్సస్ నుంచీ బోర్డు వెంట బోర్డు, వెర్లిన్ వెంట ఓరిన్.

“కుర్రాళ్ళ చేతులు చూశావా?” అన్నాడు ఓరిన్.

“ఏమైంది చేతులకి? శుభ్రంగా ఉన్నాయి.”

“అదే నా ఏడుపు. ప్రార్థనలో కూర్చున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నారు. అటుపక్క మార్లో వాళ్ళ సంగతి తెలుసుగా? మనకి పడ్డవాటికి రెట్టింపు గుడ్డలు పడ్డాయి వాళ్ళకి. పోగేస్తే దుప్పటి కుట్టుకోవచ్చు. ఒక్క ఆటైనా ఓడారా?”

“గుడ్డలు పడ్డా గెలిచారు.”

“గుడ్డలు పడేలా ఆడారు కాబట్టి గెలిచారేమో?”

“ఓరిన్, క్రమశిక్షణ లేకపోతే...”

“నీది క్రమశిక్షణ కాదయ్యా. భయం. నీ భయాన్ని చొక్కాలు కుట్టించి కుర్రాళ్ళకి తొడిగావు.”

వెర్లిన్ సాధన వైపు తిరిగాడు. మైదానంలో బ్రాంట్ వ్రానా అనే కుర్రాడు ఎదుటివాణ్ణి ఆపబోయి, చివరి క్షణంలో చేతులు వెనక్కి లాక్కున్నాడు. తలుపంత మనిషి వాడు. బంతి విసిరే టెవిన్ వీపుకి కాపలా వాడే. కింద పడిన టెవిన్ పచ్చిక ఉమ్మేస్తూ లేచాడు. గుడ్డలు పడటం లేదు నిజమే. టెవిన్ పడుతున్నాడు.

*

శనివారం గాలి ఉత్తరం నుంచి కోస్తోంది. చూసేవాళ్ళు దుప్పట్లు కప్పుకుని, కాగితం గిన్నెల్లో మాంసం బీన్సు కూర, దాంట్లో ముంచుకోడానికి దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని కూర్చున్నారు. వెర్లిన్‌ మైదానం పక్కగీత మీద నిలబడ్డాడు. అతని కళ్ళు మాటిమాటికీ రెఫరీ నడుం మీదికి పోతున్నాయి. ఆ పసుపు గుడ్డ అంచు జేబులోంచి నాలుకలా బయటికి వేలాడుతోంది.

మార్లో జట్టులో తొంభై నంబరు చొక్కావాడు మనిషి కాదు, కొట్టం ఊడి కొట్టుకొస్తున్నట్టుంటాడు. మూడో భాగం అయ్యేసరికి టెవిన్‌ని నేలకేసి ఎన్నిసార్లు కొట్టాడో లెక్కే లేదు. ఆఖరిసారి టెవిన్ లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక పెదవి నుంచి రక్తం కారుతుండగా, తిట్టకుండా, అరవకుండా, పక్కగీత దగ్గరున్న వెర్లిన్ వైపు చూశాడు. ఆ చూపు వెర్లిన్‌ లెక్కల్లో లేనిది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటే అనుకున్నాడు ఇప్పటిదాకా. ఈ కుర్రాడు ఈసారి లేవకపోతే?

వెనక మెట్ల మీంచి ఎవడో అరిచాడు: “కోచ్! మీ ఇంట్లో పడగ్గదులెన్ని?”

నవ్వులు.

నాలుగో భాగం, ఆఖరిది. నాలుగు పాయింట్లు వెనక. బంతి లార్చ్‌వుడ్ చేతిలో ఉంది. ఇదే ఆఖరి అవకాశం. ఆట ఆపిన విరామంలో బ్రాంట్ వగరుస్తూ వచ్చాడు.

“కోచ్, ఆ తొంభైగాణ్ణి ఊరికే ఆపలేను. పట్టుకుంటేనే ఆగుతాడు.” రెఫరీ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “పట్టుకోనా?”

పట్టుకోవడం తప్పు. రెఫరీ కంటపడితే గుడ్డ. పది గజాలు. వెర్లిన్‌కి జీవితమంతా పట్టే తప్ప విడుపు తెలియదు. వద్దంటే టెవిన్ పడతాడు. సరేనంటే గుడ్డ పడుతుంది. చివరికి, “నీ వెనకున్నవాణ్ణి చూసుకో,” అన్నాడు. ఏ కోచ్ అయినా అనే మాటే. తన నోట్లోంచి వచ్చాక దొంగసొత్తులా అనిపించింది.

ఆట మళ్ళీ మొదలవగానే గుడ్డ పడింది. మైకులో రెఫరీ గొంతు మైదానమంతా మోగింది: “పట్టుకున్నారు. లార్చ్‌వుడ్, డెబ్బయి మూడు. పది గజాలు.”

డెబ్బయి మూడు బ్రాంటే. ఎవరూ చెప్పకుండానే శిరస్త్రాణం విప్పి, తల దించుకుని బెంచీ వైపు నడిచాడు. వాడి బదులు వెళ్ళాల్సిన మొదటేడు పిల్లాడు గడ్డం పట్టీ బిగించుకోలేక తంటాలు పడుతున్నాడు. ఓరిన్ వెర్లిన్‌ని చూశాడు. టెవిన్ చూశాడు. మెట్ల మీద దుప్పట్లో లనెట్ కూడా చూస్తూనే ఉండి ఉంటుంది. వెర్లిన్ అటు తిరగలేదు.

“వ్రానా! ఎక్కడికిరా?”

“బెంచీకి, కోచ్.”

“ఎవడు వెళ్ళమన్నాడు?”

“మీరే. మూణ్ణెల్ల నుంచీ.”

ఓరిన్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“తలకి పెట్టుకో అది. పో, నీ చోటుకి పో.” వెర్లిన్ గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎవరో వెనకనుంచి తోస్తే నీళ్ళలో పడ్డవాడి గొంతులా.

బ్రాంట్ వెళ్ళాడు. ఈసారి చేతులు ఒళ్ళో లేవు. మరో గుడ్డ పడింది, అయిదు గజాలు. అయినా జట్టు ముందుకే పోతోంది. వెనక్కి నెట్టినకొద్దీ ముందుకి పోతోంది. ఇది గెలుపో మలుపో తెలీక చెమటలు పట్టాయి వెర్లిన్‌కి, ఆ చలిలో.

ఇక ఒక్కసారి బంతి ఆడే సమయమే ఉంది. టెవిన్ వెనక్కి తగ్గాడు. తొంభైవాడు కదిలాడు. బ్రాంట్ ఎదురెళ్ళాడు. బంతి గాల్లోకి లేచింది, అందరి కళ్ళూ దాని వెంట లేచాయి. వెర్లిన్ కళ్ళు లేవలేదు. అతను బ్రాంట్ కుడిచేతినే చూస్తున్నాడు. ఆ చేతినిండా తొంభైవాడి చొక్కా గుప్పెడు. ముడేసినట్టు బిగించి ఉంది. టెవిన్‌ని తాకాల్సిన మనిషి అక్కడే గుంజకి కట్టిన ఎద్దులా గింజుకుంటున్నాడు.

బంతి చివరిగీత అవతల లార్చ్‌వుడ్ కుర్రాడి చేతుల్లో పడింది. టచ్‌డౌన్. ఆరు పాయింట్లు. మైదానం పేలిపోయింది.

అంతలోనే చల్లారిపోయింది. పచ్చిక మీద పసుపు గుడ్డ.

ఇన్ని వేలమంది ఒకేసారి నోరు మూసుకుంటే ఆ నిశ్శబ్దానికి బరువుంటుంది. జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటున్న టంగ్ టంగ్ మాత్రమే. రెఫరీ తాపీగా నడిచి మధ్యకొచ్చాడు. నడుం దగ్గర మైకు మీట నొక్కాడు. గరగరమంది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. వెర్లిన్‌కి కాన్సస్ కనబడింది. లారీ వెనక తలుపు కనబడింది. రెండు పాటలొచ్చిన పిల్లలు కనబడ్డారు. డెబ్బయి మూడు, డెబ్బయి మూడు అని వినకముందే వినబడుతోంది.

“పట్టుకున్నారు,” అంది మైకు.

ఓరిన్ కళ్ళు మూసుకున్నాడు.

“...మార్లో, ఇరవై ఒకటి. బంతి అందుకునేవాణ్ణి పట్టుకున్నారు. లార్చ్‌వుడ్ ఈ పెనాల్టీ గజాలు వద్దంటోంది. టచ్‌డౌన్ చెల్లుతుంది.”

తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో వెర్లిన్‌కి తెలీదు. ఎవరో ముద్దు పెట్టుకున్నారు, మీసం గుచ్చుకుంది కాబట్టి ఓరిన్ అయ్యుండాలి. మిసెస్ ప్రూయిట్ చెయ్యి కలిపి, “తొందరేం లేదు కోచ్, కూర్చోవడం తీరిగ్గా,” అంది. బ్రాంట్ జనం మధ్యలోంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కుడిచేతి వేళ్ళ గోళ్ళు చిట్లి ఉన్నాయి. వాడు ఆ చేతిని మెల్లిగా వీపు వెనక దాచుకున్నాడు. వెర్లిన్ చూడనట్టే చూశాడు.

“ఆఖరిసారి బంతి విసిరినప్పుడు, కోచ్...”

“బాగా ఆడావు,” అన్నాడు వెర్లిన్ గబగబా. “వెళ్ళి స్నానం చెయ్.”

*

వెర్లిన్ కారు ఇంటివైపు తిప్పాడు. లనెట్ క్రిస్మస్ పాట కూనిరాగం తీస్తోంది.

పొద్దుటిదాకా అతనికి ఒక్కటి తెలుసు: గుడ్డ పడితే ఓటమి. భయమే అయినా, ఎటు చూసి భయపడాలో తెలిసిన భయం. ఇవాళ సీజన్లో ఎన్నడూ లేనన్ని గుడ్డలు పడ్డాయి, గెలిచాడు. వాటిల్లో ఒక్కటీ గెలిపించలేదు, ఒక్కటీ ఓడించలేదు. గెలిపించింది పడని గుడ్డ. రెఫరీ కంట పడనిది. మరి ఇన్నేళ్ళూ తను లెక్కపెట్టిందేమిటి? సోమవారం కుర్రాళ్ళ ముందు నిలబడి ఏం చెప్పాలి? పట్టుకోండి అనా, పట్టుబడకండి అనా? వచ్చే శనివారం ఆ రెఫరీ కాస్త ఎడమవైపు చూస్తే?

ఇంటి ముందు బోర్డు లేదు. అది పాతిన చోట గుంట, దాన్ని కప్పడానికి ఎవరో శ్రద్ధగా తొక్కిన కొత్త మట్టి ఉన్నాయి. గుమ్మంలో డేల్ హ్రుష్కా పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. పళ్ళెంలో వేడివేడి దాల్చినచెక్క రొట్టెలు. బూట్లకి తడి మట్టి.

“నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా కోచ్, మీ మీద నమ్మకం పెట్టుకోవాలని! మా ఆవిణ్ణి అడగండి కావాలంటే!”

“చాలా సంతోషం డేల్.”

“భలే పట్టు పట్టారు ఇవాళ!”

వెర్లిన్ మొహంలో రక్తం ఇంకిపోయింది. డేల్ మాత్రం అమాయకంగా నవ్వి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అతని గరాజు తలుపు ఎత్తే ఉంది. లోపల దీపం వెలుగులో గోడకి ఆనించి బోర్డు. విరవలేదు, పారేయలేదు. దాని కాలికంటిన మట్టి కడిగి, తుడిచి, మళ్ళీ అందుకోవడానికి వీలుగా తలుపు పక్కనే పెట్టాడు.

ఇంట్లో లనెట్ అప్పటికే నిచ్చెన తెచ్చుకుంది. మెట్ల కింద నుంచి పళ్ళాల పెట్టె తీసి చేతిలో పట్టుకుని, మొహం వెలిగిపోతుండగా అడిగింది:

“ఇది అటకెక్కించెయ్యనా?”

వెర్లిన్ కిటికీలోంచి అవతలి గరాజు వైపే చూస్తున్నాడు.

“వద్దు,” అన్నాడు. “మెట్ల కిందే ఉండనీ.”