చప్పుడు చేయని ఇల్లు

గురవమ్మ ఇంట్లో పగలు కుక్కర్ కూడా ఈల వేయడానికి వీల్లేదు. కొడుకు ప్రేమ్‌సాగర్ రాత్రంతా బొగ్గుబాయిలో పనిచేసి వచ్చి పగలు పడుకుంటాడు మరి! కోడలు మధులత నోరు తెరిస్తే గురవమ్మ కళ్లురుముతుంది. మనవడు పవన్ ‘ఊఁ’ అన్నాడో లేదో, వాడి నోటికి అరచెయ్యి అడ్డం పెడుతుంది.

"ష్... నాయిన పండుకున్నడు!"

ప్రేమ్‌సాగర్ లేచి డ్యూటీకి పోయేసరికి పిల్లవాడికి నిద్ర ముంచుకొస్తుంది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పెనిమిటి సారంగపాణిదీ ఆ బాయిలోనే కొలువు. అప్పుడు పసివాడైన ప్రేమ్‌సాగర్ ఒట్టి వాగుడుకాయ. పగలంతా తండ్రి పొట్టమీదెక్కి ఒకటే కబుర్లు. ఆయన మురిసిపోయేవాడే గాని కసిరేవాడు కాదు. ఒకనాడు కంటిమీద కునుకు లేకుండానే డ్యూటీకి పోయాడు. లోపల కప్పు కూలుతుంటే తోటివాళ్లు పరుగెత్తారు, ఆయన పరుగెత్తలేకపోయాడు. నిద్రలేకనే పోయాడని గురవమ్మ నమ్మకం. కొడుకు పెద్దయ్యాక ఆ ఉద్యోగమే వాడికి వచ్చింది. ఇక ఆమెకు ప్రాణం కుదుటపడేదెప్పుడు!

పవన్‌కి మూడో ఏడు పడింది. అమ్మ అనడు, నాయినమ్మ అనడు, కనీసం ‘తా’ అని చెయ్యి చాచడు. అత్తాకోడళ్లు ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. చెవులు బాగానే ఉన్నాయంది డాక్టరమ్మ.

"ఇంట్ల బాబుతోని ఎవరు ముచ్చట పెడ్తరు?"

మందు రాయలేదామె. బొమ్మల పుస్తకం చేతికిచ్చి, రోజూ చూపిస్తూ మాట్లాడమంది.

తిరుగు బస్సులో జూలూరుపాడు దాటగానే మధులత భోరుమంది.

"నా కొడుకు నోరు నువ్వే నొక్కినవ్ అత్తమ్మా!"

"అవ్ బిడ్డా," అంది గురవమ్మ. ఏమని తప్పించుకుంటుంది, పాపం!

మర్నాడు పొద్దున ప్రేమ్‌సాగర్ డ్యూటీ నుంచి వస్తూనే కొడుకుని ఒళ్లో కూచోబెట్టుకుని పుస్తకం తెరిచాడు. రెండు పేజీలైనా తిప్పకముందే కునికిపాట్లు పడ్డాడు. ఆ ఎర్రని కళ్లు చూసి గురవమ్మ పుస్తకం అందుకుంది.

"నువ్వు పండుకోరా. నేను చెప్తలే."

కొడుకు లోపలికి పోయాక మనవడిని దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్లుగా అణచుకున్న గొంతు విప్పింది.

"ఇగో, కాకి! కావ్! కావ్!"

పవన్ హడలిపోయాడు. పడగ్గది తలుపు వంక చూశాడు. చిన్న అరచెయ్యి తెచ్చి నాయినమ్మ నోటికి అడ్డం పెట్టాడు.

"ష్..."

స్పష్టంగా అన్నాడు. గురవమ్మ ఆ చేతిని మెల్లగా తీసి, మళ్లీ చెబుదామని పుస్తకం దగ్గరికి జరుపుకుంది.

లోపల కొడుకు ఒత్తిగిలితే మంచం కిర్రుమంది. అంతే, ఆమెకు నోరు పెగల్లేదు.